రాజ్యబలము – రజాకారుబలము

రాజ్యమునకు జెప్పబడిన సప్తాంగములలో దండ మొకటి. దండమనగా సేన. ఈ సేనను కౌటిల్యుడు మౌలము, భృతము, శ్రేణి, మిత్రము, అమిత్రము, ఆటవికము అని యాఱు విధములుగా విభజించి, ముందు చెప్పినది వెనుక చెప్పినదానికంటె మేలని నిర్ణయించెను. అమిత్రబలమునకును ఆటవికబలమునకును దోపిడియే ప్రయోజనమనియు, దోపిడి దొరకనపుడును ప్రభువున కాపద మూడినపుడును అవి యింటిలోని పామువలె భయహేతువులగుననియు నాతడు హెచ్చరించెను. ఈ విభాగము పండితు లెఱిగినదే. కాని యిందలి విశేష మొకటి తఱచుగా గమనింపబడదు. అర్థశాస్త్రకారుడు బలములను ముఖ్యముగా శౌర్యమును బట్టి కాక, అవి యెవరికి బద్ధములై యుండునను దానిని బట్టి వరుసపఱచెను. ప్రభువుతో సుఖదుఃఖములు పంచుకొను బలము మొదటిది. తన లాభమును మాత్రమే చూచుకొనునది కడపటిది.

ఈ దృష్టితో విచారింపదగిన ప్రశ్న యొకటి కలదు. ప్రభుత్వము తన సేనకు వెలుపల, తన పక్షమునందున్న ప్రజలలో గొందఱకు ఆయుధము లిచ్చియో, వారు పట్టిన యాయుధములను జూచియు జూడనట్లుండియో, వారి మూలమున ప్రతిపక్షము నణచ జూచినచో నేమి సంభవించును? దీనికి సమాధానము దూరదేశముల చరిత్రలో వెదకనక్కఱలేదు. దేశము రెండుగా జీలిన 1947 ఆగస్టు 15వ తేది మొదలు 1948 సెప్టెంబరు 17వ తేది వఱకు గడచిన పదుమూడు మాసముల హైదరాబాదు రాజ్యచరిత్రమే దానికి జాలిన సాక్ష్యము. అందును ఉత్తర తెలంగాణమునందలి కరీంనగరు, ఆదిలాబాదు సీమల చరిత్రము ఈ విషయమును రెండు వైపులనుండి చూపగలదు.

నిర్మలనుండి ఆదిలాబాదునకు బోవు రాజమార్గమున ఇచ్చోడ యను నూరు కలదు. హైదరాబాదునుండి నాగపురమునకు బోవు త్రోవ యిదియే. ఇచ్చోడకు దూర్పున ఉట్నూరు, ఇంద్రవెల్లి కొండసీమ. పడమట బోథు ప్రాంతము. ఇది గోండుల దేశము. చాందా గోండురాజుల నాటినుండియు ఈ సీమలో మొకాశీలనబడు గోండు నాయకులు తమ తమ గూడెములపై నధికారము నెఱపుచు, పైప్రభువునకు గప్పము గట్టుచు వచ్చిరి. నైజాము పాలనలో 1872వ సంవత్సరమున సిర్పూరు–తాండూరు అను నుపజిల్లాగా నేర్పడి, 1905లో ఆదిలాబాదు జిల్లాగా మాఱిన ఈ భూభాగము, 2016లో ఆదిలాబాదు, నిర్మల, మంచిర్యాల, కుమురంభీము ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలుగా విభక్తమైనది. ఇచ్చోడ ఆదిలాబాదు జిల్లాలోనే నిలిచినది.

ప్రభుత్వసేనకు వెలుపలి యాయుధబలమను సమస్య ఆసఫ్‌జాహీ ప్రభుత్వమునకు 1947లో గ్రొత్తగా వచ్చినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున అరబ్బులు, రోహిలాలు మున్నగు కూలిసైనికులు రాజ్యమంతట వ్యాపించియుండిరి. జాగీరుదారులును సాహుకారులును వారిని బోషించి పన్నులను, బాకీలను వసూలు చేయించుకొనుచుండిరి. అరబ్బు జమాదారులు ప్రభుత్వమునకే యప్పులిచ్చి, ఆ యప్పుక్రింద దాలూకాలను స్వాధీనమందుంచుకొనిరి. ఋణగ్రస్తులను దమ యిండ్లలోనే నిర్బంధించుచుండిరి. 1853లో దివానుగిరీ వహించిన మొదటి సాలార్‌జంగు చేసిన ముఖ్యకార్యములలో నొకటి యీ బలములను శాసనమునకు లోబఱచుట. అతడు వారికి దాకట్టు పడిన తాలూకాలను విడిపించెను, న్యాయస్థానములను నెలకొల్పెను, 1865లో జిల్లాబందీ యేర్పఱచి, దానితో జీతమునకు గొలుచు పోలీసుబలమును దీర్చెను. ఆయుధము పట్టు నధికారము ప్రభుత్వమునకే కలదను సూత్రము హైదరాబాదున నిట్లు స్థిరపడినది. ఆ కాలమందే నిర్మల ప్రాంతమున రాంజీ గోండు, రోహిలాలతో గూడి తిరుగబడి 1860లో మరణదండన పొందెను. అతనితోబాటు వేయిమందిని ఒకే మఱ్ఱిచెట్టున కుఱితీసిరని నిర్మల జనశ్రుతి. ఆ సంఖ్య యెట్లున్నను, ఆ చెట్టునకు వేయి ఉఱుల మఱ్ఱి యను పేరు నిలిచినది.

గోండుల దేశమున ప్రభుత్వము నేర్చుకొన్న రెండవ పాఠము 1940 నాటిది. అడవుల నిలువచేయు శాసనముల మూలమున గోండులు దమ పోడుభూములను గోల్పోయిరి. పట్టాలు వలసవచ్చిన రైతులకు, వ్యాపారులకు జేరుచుండెను. జోడెన్‌ఘాటు, బాబేఝరి మొదలైన గూడెముల భూములకై కుమురం భీము పోరాడి, 1940లో జోడెన్‌ఘాటు కొండలలో ప్రభుత్వ పోలీసుల కాల్పులకు అనుచరులతో గూడ బలియయ్యెను. బలప్రయోగముతో ఆ తిరుగుబాటణగినది కాని, దాని కారణ మణగలేదు. ఈ సంగతి ప్రభుత్వమునకు దెలిసినది. అది మానవశాస్త్రజ్ఞుడగు హైమన్‌డార్ఫును రప్పించి విచారణ చేయించెను. 1943లో మార్లవాయియందు గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము నెలకొల్పబడినది; గోండీభాషలో వాచకములు సిద్ధమైనవి; భూములకు బట్టాలిచ్చుట మొదలైనది. 1946లో గిరిజనప్రాంతములకు బ్రత్యేక శాసనము వెలువడినది. సేతుమాధవరావు పగడీవంటి యధికారులు గోండీభాష నేర్చి, ఆ కార్యమును గొనసాగించిరి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున జెప్పించిన రాజనీతిలో, అడవిజనులను సత్యమునకు దప్పకుండుట చేతనే వశపఱచుకొనవలె నను నాశయ మొకటి కలదు. ఆ నీతి యాచరణమున ఫలించునని ఆదిలాబాదు కొండలలో నీ కాలమందు దెలియవచ్చినది.

ఈ విధముగా నొక చేతితో శాసనమార్గమును విస్తరింపజేయుచున్న ఆ ప్రభుత్వమే, రెండవచేతితో శాసనాతీతమైన బలమును బెంచుచుండుట విచిత్రము. 1927లో స్థాపితమైన మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీను, మొదట మతసాంస్కృతిక సంస్థగా నుండి, నవాబు బహద్దూర్ యార్‌జంగు నాయకత్వమున రాజకీయబలమును సంపాదించెను. రాజ్యాధికారము నైజాము నొక్కని సొత్తు గాదనియు, ముస్లిము ప్రజలందఱును ఆ ప్రభుత్వమున భాగస్వాములనియు నా సంస్థ బోధించెను. రాజ్యమున ముస్లిములు నూటికి పదుమువ్వురకు మించినవారు కారు. 1944లో బహద్దూర్ యార్‌జంగు మరణించెను. 1946లో లాతూరు న్యాయవాదియైన ఖాసిం రజ్వీ యధ్యక్షుడయ్యెను. రజాకారు అను పదమునకు స్వచ్ఛందసేవకుడని యర్థము. రజ్వీ చేతిలో నా సేవకదళము సైనికవేషము ధరించి, కవాతులు చేయుచు, కత్తులతోను తుపాకులతోను సంచరించు సేనగా మాఱినది.

ఈ దళమున జేరినవా రందఱు నొక్క తీరువారు కారు. ఉద్యోగములు పోవునను భయముగల పట్టణ ముస్లిము యువకులు, ఉత్తరహిందూస్థానమందలి విభజన ఘోరములు విని గుండె చెదరిన పేదలు, ఇతర ప్రాంతములనుండి పాఱివచ్చినవారు నిందుండిరి. మఱియొక సంగతి మఱవరానిది. రైతుసంఘముల ధాటికి దట్టుకొనలేని కొందఱు దేశముఖులు, తాము హిందువులయ్యు, రజాకార్లను గ్రామములకు రప్పించి తమ గడీలలో బస లిచ్చిరి. లాయఖలీ మంత్రివర్గమున పింగళి వెంకటరామారెడ్డి యుపప్రధాని, దళితనాయకుడగు బి.ఎస్. వెంకటరావు మంత్రి. కావున రజాకార్ల చరిత్రమును మతవైరచరిత్రముగా మాత్రమే వ్రాయుట సరికాదు. ఏ శాసనమునకు లోబడని యాయుధబల మొకటి యూరిలో నున్నపుడు, భూమికై, బాకీకై, పాతపగలకై దానిని బిలుచువా రన్ని కులములందు నుందురు.

ప్రభుత్వానుకూలబలము ప్రభుత్వమునే లోగొన్న దినము 1947 అక్టోబరు 27. హైదరాబాదు రాజ్యము భారతప్రభుత్వముతో యథాతథపుటొడంబడిక చేసికొనుటకు నిశ్చయించినది. కార్యనిర్వాహకసభ ఆఱుగురు అనుకూలముగా, ముగ్గురు ప్రతికూలముగా దానిని ఆమోదించినది. ప్రధానియగు చట్టారి నవాబు, సర్ వాల్టరు మాంక్టను, సర్ సుల్తాను అహమ్మదు ఢిల్లీకి బయలుదేరవలసిన యా తెల్లవాఱుజామున, వేలకొలది రజాకారుజనము వారి బసలను జుట్టుముట్టినది. పోలీసులు చేష్ట లుడిగిరి. రాయబారులు ప్రయాణము మానవలసివచ్చినది. చట్టారి పదవిని వదలుకొనెను. పిమ్మట నింకొక రాయబారవర్గ మేర్పడి, దాదాపు అదే యొడంబడికపై నవంబరు 29వ తేదిని సంతకములు జరిగినవి. కాని ప్రధానిపదవి ఇత్తెహాదునకు సమ్మతుడగు మీర్ లాయఖలీకి జేరెను. ఒడంబడికలోని నిబంధన లంతగా మాఱలేదు. మాఱినది నిర్ణయించువా డెవడను విషయము.

ఆ దినమున రాజధానిలో మంత్రులకు లభింపని రక్షణ, గ్రామములలో సామాన్యుల కెట్లు లభించును? నాటి కరీంనగరు జిల్లాలోని పరకాలయందు 1947 సెప్టెంబరు 2వ తేదిని జాతీయపతాక మెత్త బోయిన జనముపై పోలీసులును రజాకార్లును గలిసి కాల్పులు జరుపగా బలువురు మరణించిరి. కరీంనగరు సీమలో పోలంపల్లి వాస్తవ్యుడగు అనభేరి ప్రభాకరరావు, రైతుదళమునకు నాయకుడై, 1948 మార్చి 14వ తేదిని హుస్నాబాదు చేరువ మహమ్మదాపురమున సహచరులతో గూడ నేలకొఱిగెను. బైరాన్‌పల్లి ప్రజలు పాత బురుజు నాధారముగా జేసికొని రజాకార్లను బలుమాఱులు ద్రిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27వ తేదిని ప్రభుత్వసైనికులు, పోలీసులు, రజాకార్లు గూడి ఆ గ్రామముపై బడి, పట్టుబడిన వారిని వరుసగా నిలువబెట్టి కాల్చిరి. ఈ మూడు సంఘటనలందును సామాన్యాంశము గమనింపవలెను: రజాకారు వచ్చినచోట పోలీసుడును వచ్చెను. పోలీసుడు తోడుండుట చేత రజాకారు అధికారి యయ్యెను. రజాకారు తోడుండుట చేత పోలీసుడు శాసనమును విడిచెను. ఇట్టిచోట బాధితుడు ఫిర్యాదు చేయదగిన స్థానమే లేకపోయినది.

ఆదిలాబాదు జిల్లాయందు బోరు మఱియొక రూపము దాల్చినది. రాజ్యసరిహద్దుకు ఆవలనున్న చాందా పట్టణమున స్టేటుకాంగ్రెసువారు శిబిరము నేర్పఱచిరి. కరీంనగరు జిల్లాలోని వంగర గ్రామమునుండి వచ్చిన యువకుడు పి.వి. నరసింహారావు ఆ శిబిరమందు బనిచేసెను. ఆయనయే 1991లో భారతప్రధాని యయ్యెను. పొరుగుననున్న నాందేడు జిల్లా ఉమ్రీలోని బ్యాంకును సరిహద్దు శిబిరమువారు 1948 జనవరిలో గొల్లగొట్టిరి. నల్గొండ, వరంగల్లు సీమలలో కమ్యూనిస్టుదళములు తుపాకులు పట్టెను. ఒక పక్షమున శాసనము సడలగానే, ఎదుటి పక్షములును శాసనమును వీడి సాయుధము లయ్యెను. రజాకార్ల నిలుపుటకు ప్రభుత్వము చూపిన కారణము ఈ దళములే. ఈ దళములు పెరుగుటకు ప్రజలు చూపిన కారణము రజాకార్లే. ఈ చక్రమును ద్రెంచు బాధ్యత శాసనాధికారము గలవానిది, అతడు ద్రెంచలేదు.

వలదని చెప్పినవారు లేకపోలేదు. మంత్రివర్గసభ్యుడగు జె.వి. జోషీ రజాకార్ల దుండగములకు నిరసనగా రాజీనామా చేసెను. 1948లో ఏడుగురు ముస్లిము ప్రముఖులు రజాకారుదళమును రద్దు చేయుమని బహిరంగప్రకటన చేసిరి. ఇమ్రోజ్ అను నుర్దూపత్రిక నడపుచున్న షోయబుల్లాఖాను అట్టి యభిప్రాయమునే ధైర్యముతో వ్రాసి, ఆగస్టు 21వ తేది రాత్రి ఇంటికి మఱలుచు హంతకుల చేతికి జిక్కి ప్రాణము గోల్పోయెను. వ్రాసిన చేతిని హంతకులు నఱకిరి. ఏ సమాజమును రక్షించుటకు దా నుద్భవించితినని చెప్పుకొన్నదో, ఆ సమాజమునందలి స్వతంత్రబుద్ధినే యా బలము ముందుగా హతమార్చినది.

భారతప్రభుత్వపు కోరికలలో బ్రధానమైనవి రెండు: రజాకార్లను నిషేధించుట, సికిందరాబాదున భారతసేనను మరల నుంచుట. నైజాము ప్రభుత్వము రెంటిని నిరాకరించెను. సెప్టెంబరు 13వ తేదిని భారతసేన రాజ్యమున బ్రవేశించెను. సిడ్నీ కాటను విమానములలో రహస్యముగా దెచ్చిన యాయుధములును, రజ్వీ యుపన్యాసములును ఐదు దినములకు మించి రాజ్యమును నిలుపలేదు. 17వ తేదిని నైజాము యుద్ధవిరమణ ప్రకటించి రజాకార్లను నిషేధించెను; 18వ తేదిని సేనాపతి ఎల్ ఎద్రూసు, మేజరు జనరలు చౌధురీకి లొంగిపోయెను. ఏ నిషేధమును వేసినచో యుద్ధము తప్పియుండెడిదో, ఆ నిషేధము యుద్ధములో నోడిన దినముననే వెలువడినది.

సెప్టెంబరు 23వ తేదిని నైజాము చేసిన రేడియో ప్రసంగ మీ చరిత్రమున ముఖ్యసాక్ష్యము. రజ్వీ నాయకత్వమున నొక చిన్న ముఠా, అర్ధసైనికదళమును గూర్చుకొని, చట్టారి మాంక్టనుల యిండ్లను ముట్టడించి, తనకు లాయఖలీ మంత్రివర్గమును బలాత్కారముగా దెచ్చిపెట్టి, తన్ను నిస్సహాయుని జేసెనని యాతడందు జెప్పుకొనెను. ఈ సాక్ష్యమును యథాతథముగా గ్రహింపరాదు. ఓడిన ప్రభువు జయించినవారి యెదుట జెప్పుకొన్న మాట యిది. ఫర్మానా నొక్కదానితో శాసనములు చేయగల ప్రభువు, తనకు లాభమున్నంతకాలము ఆ దళమును జూచి యూరకుండెననుట స్పష్టము. 1962లో వెలువడిన గ్రంథమున లాయఖలీయు, 1956లో వి.పి. మేననును, 1957లో కె.ఎం. మున్షీయు దమతమ పక్షముల సమర్థించుచు వ్రాసిరి. అందఱి వ్రాతలను బ్రక్కప్రక్కన నుంచి చూచిన నొక్క సంగతి నిలుచును: అక్టోబరు 27 నాటి ముట్టడి జరిగినది, ముట్టడించినవారిలో నెవ్వరును దానికై శిక్ష పొందలేదు. ప్రభువు నిస్సహాయుడయ్యె నన్నది నిజమే కావచ్చును. కాని యా నిస్సహాయతను గొనితెచ్చుకొన్నవా డాతడే.

రజ్వీకి బీబీనగరు కేసున శిక్షపడినది. 1957లో విడుదలయై పాకిస్తానమునకు వెడలిపోయెను. కాని ఋణము తీర్చినవా రన్యులు. సైనికచర్య పిమ్మట ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నిరపరాధులగు ముస్లిము గ్రామీణులపై బ్రతీకారము జరిగినది. పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారు, మౌలానా అబ్దుల్లా మిస్రీ గల సంఘము 1948 చివర నీ జిల్లాలలో సంచరించి, తక్కువలో దక్కువ యిరువదియేడు వేలనుండి నలువదివేలవఱకు జనులు హతులైరని యంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రకటింపబడక, 2013 ప్రాంతమున బరిశోధకులకు లభ్యమయ్యెను. రజాకారు వేషము ధరించినవాడు దానిని విడిచి జనములో గలిసిపోగలడు; ఎన్నడును ధరింపని యతని పొరుగువానికి దన పేరును మతమును విడిచిపోవు వీలులేదు.

ఈ యనుభవము గతకాలమునకే చెందినదని తలపరాదు. 2005వ సంవత్సరమున ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దంతెవాడ సీమలో మావోయిస్టుల నెదుర్కొనుటకు సల్వాజుడుం అను దళ మేర్పడినది. దానికి నాయకుడు మహేంద్రకర్మ ఆదివాసియే. అందు జేరినవారిలోను, దానిచే గ్రామములు గోల్పోయినవారిలోను ఆదివాసులే యెక్కువ. పాఱిపోయినవారు గోదావరి తీరమునకు వచ్చి, ఖమ్మము, వరంగల్లు అడవులలో గొత్తికోయలనబడుచు గుడిసెలు వేసికొనిరి. ప్రభుత్వ మా యువకులను బ్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, నెలకు 3,000 రూపాయల భత్యమిచ్చెను. అయిదవ తరగతి చదువు చాలునని నిర్ణయించెను. నందినీ సుందర్, రామచంద్ర గుహ, ఇ.ఎ.ఎస్. శర్మ గారలు వేసిన వ్యాజ్యమున, 2011 జులై 5వ తేదిని న్యాయమూర్తులు బి. సుదర్శనరెడ్డి, ఎస్.ఎస్. నిజ్జరు ఆ నియామకములు రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధములని తీర్పుచెప్పిరి. తగిన చదువును శిక్షణయు లేని యువకులకు దుపాకి యిచ్చుట వారి ప్రాణములకును, ఇతరుల ప్రాణములకును హానికరమని యందలి సారాంశము. ఆ సంవత్సరమే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము సహాయక సాయుధ పోలీసుదళమునకై శాసనము చేసి, ఆ యువకులను అందు జేర్చుకొనెను. 2013 మే 25వ తేదిని మహేంద్రకర్మ మావోయిస్టుల చేత హతుడయ్యెను.

రజాకార్లకును సల్వాజుడుమునకును భేదములు పెక్కులు. ఒకటి రాజధానియందు బుట్టిన మతరాజకీయదళము, మఱియొకటి యడవిసీమలో నెలకొన్న ఆదివాసిదళము. ఒకటి ప్రభుత్వమును ద్రోసికొనిపోయినది, మఱియొకటి ప్రభుత్వముచే నడపబడినది. అయినను రెంటను నొక్క క్రమము కనబడుచున్నది. ప్రభుత్వము తాను బహిరంగముగా జేయలేని పనిని జేయుట కా బలమును గోరును. కావుననే దాని కార్యములకు లెక్క యడుగలేదు. లెక్క యడుగబడని బలము తన లాభమును జూచుకొనును. ఎదుటిపక్షము దానిని జూపి బలపడును. తుదకు బ్రభుత్వము దానిని కాదనక తప్పని దినము వచ్చును. అప్పటికి గ్రామములు కాలియుండును.

ఇచ్చోడ త్రోవ కిరుప్రక్కలనున్న సీమ యీ విషయమున రెండు విధములైన సాక్ష్యము నిచ్చుచున్నది. 1940 తరువాత కొండలలో ప్రభుత్వము పట్టాతోను, పాఠశాలతోను బోయినపుడు, అది యసంపూర్ణమైనను, గోండుల విశ్వాసమును గొంత సంపాదింపగలిగెను. ఆ శాసనము లమలు గాక భూములు మరల చేతులు మాఱిన దశాబ్దముల పిమ్మట, 1981 ఏప్రిల్ 20వ తేదిని ఇంద్రవెల్లియందు గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు పదుమువ్వురని ప్రభుత్వము చెప్పగా, అంతకంటె నెక్కువమంది యని ఇతరులు వాదించిరి. కావున బలము ప్రభుత్వసేన యగుటతోనే న్యాయము సిద్ధించునని చెప్పరాదు. కాని యింద్రవెల్లి కాల్పులకు బ్రభుత్వమును బేరుపెట్టి యడుగుటకు వీలున్నది. బైరాన్‌పల్లి బురుజువద్ద గాల్చినవా రెవరి యాజ్ఞకు లోబడినవారో నిర్ణయించుటయే కష్టము. కౌటిల్యుడు ఆటవికబలమును గడపట నుంచుటకు గారణ మాటవికుల స్వభావము కాదు. కొలువునకును జీతమునకును బద్ధులు గాని వారి చేతికి ఆయుధ మిచ్చిన ప్రభువు, ఆ యాయుధము చేసిన పనికి దాను ప్రభువు గాకపోవుటయే దానికి గారణము.